విశ్రాంతియు శ్రమయు: దీర్ఘరోగుల చికిత్సాచరిత్రము

మన యిండ్లలో నెవరైనను దీర్ఘవ్యాధితో బాధపడుచున్నప్పుడు చూడవచ్చిన చుట్టపక్కములు చెప్పు హితవులు రెండు విధములుగా నుండును. "కదలక పడుకొనుము, ఒడలు శ్రమపడినచో రోగము ముదురును" అని కొందఱు, "పడుకొన్నకొలదియు నీరసమే, లేచి నాలుగడుగులు నడువుము" అని మఱికొందఱు. ఇరుతెగలవారును ప్రేమచేతనే చెప్పుదురు. తామెఱిగిన యొక దృష్టాంతమును గూడ చూపుదురు. నడుమ చిక్కినవాడు రోగి. పడుకొన్నప్పుడు సోమరి యందురేమో యను సిగ్గు. లేచినప్పుడు ప్రాణముమీదికి వచ్చునేమో యను భయము.

ఈ రెండు హితవులకును దీర్ఘమైన చరిత్ర కలదు. వైద్యశాస్త్రమే యీ రెంటి నడుమ నిన్నూరేండ్లకు మించి యూగిసలాడినది. ఒకప్పుడు విశ్రాంతియే సర్వరోగనివారిణి యని చాటినది. మఱియొకప్పుడు శ్రమయే యమృతమనినది. ఈ రెండు కాలములందును మేలుపొందినవారు కలరు, చెడినవారును కలరు. ఆ కథను కొంచెము తెలిసికొన్నచో మన యింటి రోగిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు మనము రెండు నిమిషములైన నాలోచింతుము. అందులకే యీ వ్యాసము.

ప్రాచీనుల మాత్ర

మన పూర్వవైద్యులు వ్యాయామమును ప్రశంసించిరని యందఱును చెప్పుదురు గాని, వారు దానికి హద్దు పెట్టిరని చెప్పువా రరుదు. చరకుడు వ్యాయామమును మాత్ర ననుసరించి చేయవలెననెను. అతిగా చేసినవానికి బడలిక, క్షీణత, దప్పిక, రక్తపిత్తము, ఆయాసము, దగ్గు, జ్వరము, వాంతి కలుగునని లెక్కించెను. వాగ్భటుడు బలవంతుడైనను తన శక్తిలో సగమే వినియోగింపవలెనని విధించెను. ఆ సగమును గుర్తించు టెట్లు? హృదయమందలి వాయువు నోటికి వచ్చుట, అనగా రొప్పు పుట్టుట, అర్ధబలమునకు గుర్తని సుశ్రుతుడు చెప్పెను. కొలతబద్ద బయట నెక్కడను లేదు. రోగి శరీరమునందే యున్నది. ఇది గమనింపదగిన మాట.

ఆ సుశ్రుతుడే ప్రమేహరోగికి నడకను ఔషధముగా వ్రాసెను. ధనహీనుడైన ప్రమేహి చెప్పులును గొడుగును లేక, బిచ్చమెత్తి తినుచు, ఒక్కొక్క యూర నొక్క రాత్రికి మించి నిలువక నూరు యోజనములు నడువవలెనని యాతని విధి. నేడు మధుమేహమునకు నడక మేలని వైద్యులు చెప్పునప్పుడు మనవారు దానిని పాశ్చాత్యుల క్రొత్తమాటగా భావించుట పొరపాటు. అయినను, నూరు యోజనములు నడువుమన్న యా సంప్రదాయమే అజీర్ణరోగిని, వాతపిత్తరోగిని వ్యాయామము మానుమన్నది. రోగమునుబట్టి విధియు, బలమునుబట్టి మాత్రయు నుండవలెనను నీ వివేకము తరువాతి కాలమున బహుదేశములలో బహుపర్యాయములు మఱపునకు వచ్చినది.

రంపపుకోతయు పడకటింటి చెఱయు

ఇంగ్లాండున విలియం హెబర్డెన్ అను వైద్యుడు 1768లో లండను వైద్యసంఘము నెదుట నొక క్రొత్త వ్యాధిని వర్ణించెను. నడచుచున్నప్పుడు, విశేషించి భోజనానంతరము మెట్ట యెక్కునప్పుడు, రొమ్మున భరింపరాని నొప్పి పట్టును, నిలిచినతోడనే పోవును. నేడు మనము గుండెనొప్పి యనునది యిదియే. శ్రమచేత వచ్చి విశ్రాంతిచేత పోవు నొప్పికి విశ్రాంతియే మందని యెవరికైనను తోచును. కాని హెబర్డెన్ తన రోగులలో నొకడు దినమున కఱగంటసేపు కట్టెలు కోయుటను నియమముగా పెట్టుకొని దాదాపుగా స్వస్థుడయ్యెనని వ్రాసిపెట్టెను. డబ్లిను నగరమున విలియం స్టోక్సు 1854లో ప్రకటించిన హృద్రోగగ్రంథమునందు కొందఱు రోగులకు క్రమక్రమముగా పెంచిన నడకను విధించెను. ఇవి రెండును మంచి విత్తనములు. కాని మొలకెత్తుటకు నూరేండ్లు పట్టినది. ఏలయన నానాట విశ్రాంతివాదము బలపడుచుండెను.

1863లో జాన్ హిల్టన్ అను శస్త్రవైద్యుని విశ్రాంతి–నొప్పి యను నుపన్యాసములు గ్రంథరూపమున వెలువడెను. నొప్పి యనునది శరీరము విశ్రాంతిని కోరుటకు చేయు సంజ్ఞ యని యాతని బోధ. విఱిగిన యెముకకును వాచిన కీలునకును ఆ బోధ మేలే చేసినది. కాని యెముకకు తగిన సూత్రమును మనుష్యు నంతటికిని, మనస్సునకును గూడ నంటగట్టినప్పుడు చిక్కు వచ్చినది.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు వైద్యుడు వెయిర్ మిచ్చెల్ నరముల నీరసముతో బాధపడు స్త్రీలకు "విశ్రాంతిచికిత్స" యను పద్ధతిని ప్రచారము చేసెను. 1877లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. రోగిణి ఆఱెనిమిది వారములు పడక దిగరాదు. మొదట కూర్చుండనును రాదు, కుట్టరాదు, చదువరాదు, వ్రాయరాదు. అన్నమును గూడ దాది నోట పెట్టవలెను. పాలును కొవ్వును దండిగా తినిపింతురు. కదలని యవయవములకు మర్దనమును విద్యుత్ప్రవాహమును వ్యాయామమునకు బదులు. షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అను రచయిత్రి 1887లో ఈ చికిత్సకు లోనయ్యెను. ఇంటికి పంపునప్పుడు ఇకమీద గృహకృత్యములలోనే కాలము గడపుమనియు, జీవితమున్నంతవఱకు కలము ముట్టవలదనియు నామెకు విధింపబడెను. ఆ విధిని పాటించి యామె మతిచలనపు టంచువఱకును పోయి, దానిని ధిక్కరించి పనిలో పడి కోలుకొనెను. 1892లో ఆమె ప్రకటించిన "పసుపుపచ్చ గోడకాగితము" అను కథ ఈ యనుభవమునుండి పుట్టినదే.

ఇందొక విశేషము కలదు. ఆ వైద్యుడే నరముల నీరసముతో వచ్చిన యువకుడు ఓవెన్ విస్టరును 1885లో పడమటి రాష్ట్రముల పశుక్షేత్రములకు పంపెను. అచ్చట గుఱ్ఱమెక్కి తిరిగి విస్టర్ స్వస్థత పొందెను. పిదప గొప్ప నవలాకారుడయ్యెను. స్త్రీకి పడక, పురుషునికి గుఱ్ఱము! ఈ భేదమును రోగలక్షణము విధించినదా, లోకాచారము విధించినదా యని ప్రశ్నింపక తప్పదు. వైద్యుని విధిపత్రములో నొక్కొక్కప్పుడు శాస్త్రముతోపాటు సంఘమును గూడ చేవ్రాలు చేయుచుండును.

కొండదారియు వసారాయు

ఈ వివాద మంతటిలో మిక్కిలి బోధకరమైన భాగము క్షయరోగచికిత్సలో జరిగినది. 19వ శతాబ్దపు నడుమ క్షయ యనిన మరణశాసనమే. ప్రష్యారాజ్యపు సైలీషియాలో గెర్బెర్స్‌డార్ఫ్ అను కొండపల్లెయందు హెర్మన్ బ్రేమర్ అను వైద్యుడు ఈ వ్యాధి కుదురునని నమ్మి 1850 తరువాతి దశాబ్దమున నొక యారోగ్యాలయమును నెలకొల్పెను. క్షయరోగి గుండె చిన్నదనియు, కొండయెక్కుటచేత దానిని బలపఱుపవచ్చుననియు నాతని సిద్ధాంతము. అందుచేత రోగులను వైద్యుల కనుసన్నలలో కొండదారులవెంట నడిపించెను. సిద్ధాంతము తప్పు, అయినను మంచిగాలి, మంచి భోజనము, క్రమశిక్షణ రోగులకు మేలుచేసెను.

ఆతనికడ రోగిగా చేరి, సహాయకుడై, తుద కెదిరిపక్షమునకు నాయకుడైనవాడు పీటర్ డెట్‌వైలర్. ఆయన 1876లో ఫ్రాంక్‌ఫర్టు సమీపమున ఫాల్కెన్‌స్టైన్ నందు తెఱచిన యాలయమున నడక తగ్గినది, పడక పెరిగినది. రోగులు తెఱపి వసారాలలో వాలుకుర్చీలమీద, కంబళ్లు కప్పుకొని, గంటలకొలది కదలక పండుకొనవలెను. ఆల్ప్సు పర్వతములమీది దావోసు మొదలు లోకమంతట క్షయాలయములకు ఈ వసారా గుర్తైపోయినది. గురువు నడిపించెను, శిష్యుడు పండుకొనబెట్టెను. ఇరువురును తమ రోగులు కోలుకొనుచున్నారనిరి.

పిదప 1905లో ఇంగ్లాండున ఫ్రిమ్లీ యను చోట లండను బ్రాంప్టను వైద్యశాలవారు క్షయాలయమొకటి తెఱచిరి. అచ్చటి రోగులలో పెక్కురు చేతిపనివారు, కూలివారు. నెలలతరబడి పండుకొని బలిసి యింటికి పోయినవాడు మొదటి దినమున పారపట్టగానే మరల పడిపోవుచుండెను. దీనిని చూచి అచ్చటి వైద్యాధికారి మార్కస్ పాటర్సన్ "క్రమశ్రమ" యను పద్ధతిని కల్పించెను. మొదట కొలది నడక. అది సహించినచో దూరము పెంపు. పిదప గంపలతో మన్ను మోయుట. పిదప చిన్నపార, పెద్దపార, తుదకు గుద్దలి. ప్రతి మెట్టునందును రోగి యొడలివేడిమిని కొలువవలెను. వేడిమి పెరిగినను, తలనొప్పి వచ్చినను, ఆకలి తప్పినను పని మాన్పించి పండుకొనబెట్టవలెను. శ్రమచేత రోగబీజముల విషము కొంచెము రక్తములో చేరి, టీకావలె పనిచేయునని పాటర్సన్ ఊహించి 1911లో గ్రంథము వ్రాసెను. ఈ యూహ నిలువలేదు. నిలిచినది మఱియొకటి: శ్రమను ఔషధమువలె తూచి యిచ్చుట, లక్షణమును త్రాసుముల్లువలె చూచుచుండుట.

మన తెలుగునేలకును ఈ కథలో భాగము కలదు. చిత్తూరుమండలమున మదనపల్లె చెంత 1915లో మిషనరీసంఘములు కూడి క్షయాలయము తెఱచిరి. దాని కారోగ్యవరమని పేరు. డెన్మార్కుదేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ దానికి ప్రథమాధికారి. దక్షిణదేశమున నలుమూలలనుండియు రోగు లచ్చటికి వచ్చుచుండిరి. మదనపల్లె పొడిగాలియు విశ్రాంతియు నని రెండు తరములవారు చెప్పుకొనిరి. అయితే ఆ విశ్రాంతి యెవరికి లభించెను? నెలలకొలది కూర్చుండి తినగల స్తోమత యున్నవారికిని, ధర్మపుమంచము దొరకిన కొద్దిమందికిని మాత్రమే. దినకూలితో బ్రదుకువానికి "ఆఱునెలలు కదలకుము" అను విధి యెంత ప్రశస్తమైనను పాటింపరానిది.

ఈ విశ్రాంతి గుణమెంత యని కొలుచు సమయము తుదకు వచ్చెను. 1948లో బ్రిటిషు వైద్యపరిశోధనమండలి స్ట్రెప్టోమైసిన్ పరీక్షను ప్రకటించెను. తీవ్రక్షయరోగులలో 52 మందికి మంచపువిశ్రాంతి యొక్కటియే, 55 మందికి విశ్రాంతితో మందును ఇచ్చిరి. ఆఱునెలలలో విశ్రాంతిమాత్రులలో 14 మంది చనిపోయిరి. మందు పొందినవారిలో నలుగురు. విశ్రాంతి చేయజాలని దానిని మందు చేసినది.

అంతకంటె గొప్ప తీర్పు మదరాసున వెలువడినది. అచ్చటి క్షయచికిత్సాకేంద్రమువారు 1956 మొదలుకొని నగరపు బీదరోగులను చీటీలవంటి యదృష్టక్రమమున రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టును సంవత్సరము క్షయాలయమున నుంచి మంచి భోజనమును విశ్రాంతియు మందులును ఇచ్చిరి. రెండవజట్టు తమ యిఱుకిండ్లలోనే యుండి, తక్కువ తిండి తినుచు, పనిపాటలు చేసికొనుచు, అవే మందులు తినిరి. 1959లో ఫలితములు ప్రకటింపబడినప్పుడు రెండుజట్ల నడుమ భేదము స్వల్పమని తేలినది. ఇంటనున్న రోగివలన కుటుంబమువారికి అంటు విశేషముగా పెరుగలేదనియు తేలెను. దీనితో లోకమంతట క్షయాలయముల మంచములు క్రమముగా ఖాళీయయ్యెను. ఆరోగ్యవరమును పిదప సర్వరోగచికిత్సాలయముగా మాఱినది. నూరేండ్ల వసారావిశ్రాంతిని తోసివేసిన సాక్ష్యము మన దక్షిణదేశపు పేదలు తమ యొడళ్లతో చెప్పిన సాక్ష్యమని మనము మఱువరాదు.

గుండెకు కుర్చీ

హృద్రోగులకథ యిట్టిదే. గుండెకండ కొంత చచ్చినచో ఆ గాయము మానుటకు ఆఱువారములు పట్టునని 1939లో అమెరికను పరిశోధకులు చూపిరి. కావున ఆఱువారములు మంచము దిగరాదని వైద్యులు శాసించిరి. మంచమునందే సర్వము, ప్రక్కకు తిరుగుటకును దాది సాయము. ఈ నిశ్చలతచేతనే కాళ్లలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు ప్రాకి కొందఱు మరణించుచుండిరి. 1947లో ఇంగ్లీషువైద్యుడు రిచర్డ్ ఆషర్ పడకవలని యపాయములనుగూర్చి యొక వ్యాసము వ్రాసెను. ఒరపుండ్లు, ఎముకల సున్నము కరగుట, కండలు కృశించుట, మనస్సు క్రుంగుట యని యవయవక్రమముగా లెక్క చెప్పెను.

1952లో బోస్టనునందు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనువారు 81 మంది హృద్రోగులను తొలివారముననే కుర్చీలో కూర్చుండబెట్టిరి. అపాయమేమియు పెరుగలేదని ప్రకటించిరి. కేవలము కుర్చీలో కూర్చుండుట! అదియే నాటికి సాహసముగా తోచినది. 1955లో అమెరికా యధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చినప్పుడు పాల్ డడ్లీ వైట్ అను వైద్యుడు ఆయనను క్రమముగా నడిపించి పనిలోనికి మరల్చెను. మఱుసటి సంవత్సరమే ఐసెన్‌హోవరు మరల ఎన్నికయ్యెను. గుండెపోటు వచ్చినవాడు పనికిమాలినవాడను భ్రాంతి ఆ యెన్నికతో చాలవఱకు సడలినది.

మంచము చేయు కీడెంత? 1966లో డల్లాసునగరమున ఆరోగ్యవంతులైన ఇరువదేండ్ల యువకుల నైదుగురను మూడువారములు మంచమున పండుకొనబెట్టి పరీక్షించిరి. శరీరము ప్రాణవాయువును వినియోగించు శక్తి నాలుగవవంతునకు మించి తగ్గినది. ముప్పదియేండ్ల పిదప ఆ యైదుగురనే మరల పరీక్షింపగా, ముప్పదియేండ్ల వయస్సు తెచ్చిన క్షీణతకంటె ఆ మూడువారముల పడక తెచ్చిన క్షీణతయే యెక్కువయని తేలెను. యువకుల గతి యిట్లుండ, వృద్ధుల గతి చెప్పనేల?

అటుపిమ్మట గుండె బలహీనపడినవారికి సైతము వ్యాయామము నిషిద్ధము కాదని క్రమముగా స్థిరపడినది. 2009లో ప్రకటింపబడిన యొక గొప్ప పరీక్షలో 2,331 మంది యట్టి రోగులు పాల్గొనిరి. వైద్యపర్యవేక్షణలో నేర్పిన వ్యాయామ మపాయకరము కాదనియు, మేలు కొంతయే యైనను నిజమనియు తేలెను. ఊపిరితిత్తుల దీర్ఘరోగమున ఇంకను విచిత్రము. రోగికి ఆయాసము వచ్చునని నడక మానును, మానగా కాలికండలు కృశించును, కృశించిన కండలు కొంచెము పనికే యెక్కువ ప్రాణవాయువును కోరును, ఆయాసము హెచ్చును. ఈ చక్రమును త్రెంచుటకు నడకను నేర్పినచో ఊపిరితిత్తి మాఱకున్నను ఆయాసము తగ్గును. పెద్దప్రేవు క్యాన్సరునకు చికిత్స ముగించినవారిలో 889 మందిని పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితములలో, క్రమవ్యాయామము చేసినవారిలో ఐదేండ్లకు రోగము మరల రాక బ్రదికియున్నవారు నూటికి 80 మంది. చేయనివారిలో 74 మంది. ప్రపంచారోగ్యసంస్థ 2020లో వెలువరించిన సూత్రములలో దీర్ఘరోగులకు ప్రత్యేకముగా చోటిచ్చి, ఏమియు చేయకుండుటకంటె కొంచెమైన చేయుట మేలనియు, కొద్దితో మొదలిడవలెననియు చెప్పినది.

మఱునాటి బాధ

ఇంతవఱకు చదివినవారు "ఇక సందేహమేల? శ్రమయే జయించినది" అనుకొందురేమో. అట్లనుకొనుటయే చరిత్రలో తరువాతి పొరపాటునకు మూలమైనది.

1955లో లండనులోని రాయల్ ఫ్రీ వైద్యశాలలో నొక వింతవ్యాధి ప్రబలెను. 290కి పైగా జనులు, అందులో పెక్కురు దాదులు, పడకబట్టిరి. వైద్యశాలను కొన్నినెలలు మూసిరి. జ్వరమువంటి ఆరంభము, కండలనొప్పి, కొంచెము శ్రమించినను భరింపరాని నీరసము. కొందఱు ఏండ్లతరబడి కోలుకొనలేదు. 1970లో ఇద్దరు మానసికవైద్యులు, ఆ రోగులను చూడకయే, పత్రములు మాత్రము తిరుగవేసి, ఇది సామూహికమైన ఉన్మాదమనిరి. రోగులలో స్త్రీలెక్కువగా నుండుటయు వారి కొక కారణముగా కనబడెను! ఇట్టి వ్యాధికే పిదప దీర్ఘనీరసరోగమను పేరు వచ్చినది.

రోగి భయముచేత పడుకొనుచున్నాడు, పడుకొనుటచేత నీరసించుచున్నాడు, కావున మెట్టుమెట్టుగా శ్రమ పెంచినచో బాగుపడునని కొందఱు వైద్యులు తలచిరి. ఊపిరితిత్తుల రోగమున నిజమైన చక్రమునే యిందును ఊహించిరి. 2011లో బ్రిటనునందు 641 మందిమీద జరిగిన పరీక్ష క్రమవ్యాయామము మేలని ప్రకటించెను. కాని రోగులు ఒప్పుకొనలేదు. వ్యాయామము చేసినదినమున కాక మఱునాడో మూడవనాడో తాము కూలిపోవుచున్నామనియు, కొందఱము మంచముపాలైతిమనియు మొఱపెట్టిరి. వారి మొఱను చాలకాలము మనోదౌర్బల్యముగా త్రోసివేసిరి. రోగులే ఆ పరీక్షాపత్రములను పట్టి చదివి లోపములు చూపిరి. పరీక్షలో చేరుటకు శరీరశక్తి గుణకము 65 గాని తక్కువ గాని యుండవలెనట. కోలుకొన్నట్లెంచుటకు 60 చాలునట! చేరిననాటికంటె క్షీణించినవాడును ఈ భాగమున కోలుకొన్నవాని కొలతను అందుకొనవచ్చునన్నమాట. వివాదము న్యాయమండలివఱకు పోయి 2016లో మూలపు లెక్కలు బయటపడెను.

ఇంతలో 2015లో అమెరికా వైద్యవిజ్ఞానసంస్థ శ్రమానంతరపతనమే ఈ వ్యాధికి ముఖ్యలక్షణమని నిర్ణయించెను. 2021లో బ్రిటనుదేశపు చికిత్సాసూత్రసంస్థ, 2007లో తానే సిఫారసు చేసిన క్రమవ్యాయామమును ఈ రోగులకు వలదని మాన్పించెను. 2020 తరువాత కోవిడు సోకి నెలలకొలది కోలుకొననివారిలోను ఈ లక్షణము కనబడినది. ఆమ్‌స్టర్‌డామునందు అట్టివారి తొడకండను వ్యాయామమునకు ముందును మఱునాడును పరీక్షింపగా, కండలో నిజమైన గాయము కనబడెనని 2024లో ప్రకటించిరి. దాదుల యున్మాదమని త్రోసివేయబడిన దానికి సాటియైన లక్షణము తుదకు సూక్ష్మదర్శినిక్రింద సాక్ష్యము పలికినది. ఈ రోగులు తమ శక్తిని కుటుంబపు పద్దువలె లెక్కించి, రాబడికి మించి వ్యయము చేయకుండుటయే నేటి ముఖ్యోపదేశము.

చరిత్ర చెప్పు మాట

ఈ కథనుండి తేలినదేమి? విశ్రాంతి మంచిదా, శ్రమ మంచిదా యను ప్రశ్నయే సరికాదు. క్వయినా మంచిదా, ఇన్సులిను మంచిదా యని యెవరైన నడుగుదురా? రోగమేదియో, మాత్ర యెంతయో తెలియక మందును మెచ్చువాడు వైద్యుడు కాడు. బ్రేమరు సిద్ధాంతము తప్పైనను, పాటర్సను సిద్ధాంతము తప్పైనను, రోగి లక్షణమును దినదినము చూచినంతమేర వారికి మేలే కలిగినది. మిచ్చెలు పడకయు, 2011 నాటి మెట్లవ్యాయామమును రోగి చెప్పుదానికంటె తమ సూత్రమును మిన్నగా నెంచినందుననే చెడినవి. మొదటిది స్త్రీని పడుకొనబెట్టి చెఱచినది. రెండవది రోగిని లేపి చెఱచినది. దోషము పడకలో లేదు, నడకలోను లేదు. చెవి యొగ్గకుండుటలో నున్నది.

రెండవమాట. శ్రమవలన పుట్టు లక్షణములన్నియు నొక్కటి కావు. గుండెజబ్బుగాని శ్వాసరోగముగాని కలవానికి నడుచునప్పటి కొంచెపు రొప్పు సహజము. అది వారములు గడచినకొలది తగ్గుచు వచ్చినచో శుభము. రొమ్ములో నొప్పి, కన్నులు చీకట్లు క్రమ్ముట, తగ్గని ఆయాసము కలిగినచో తత్క్షణమే నిలిచి వైద్యుని చూడవలెను. నాటి శ్రమకు మఱునాడు శరీరమును బుద్ధియు కూలుచున్నచో, అది సోమరితనము కాదు, హెచ్చరిక. అట్టివానిని "ఇంకొంచెము ఓర్చుకొనుము" అని లేపుట ఉపకారమనుకొని చేయు నపకారము. కావున రోగియింట నొక చిన్నపుస్తకము పెట్టి, నేడెంత నడచెను, నేడెట్లుండెను, రేపెట్లుండెను అని మూడుమాటలు వ్రాసిన యెడల, వైద్యునికి దానికంటె మేలైన సాక్షి దొరకదు. పాటర్సను ఉష్ణమాపకముతో చేసినపనిని మన గృహిణులు పెన్సిలుతో చేయవచ్చును.

మూడవమాట మన గృహములకు మిక్కిలి చేరువైనది. మనయిండ్లలో వ్యాధిగ్రస్తుడైన పురుషునికి విశ్రాంతి నిచ్చుట మర్యాద. వ్యాధిగ్రస్తయైన స్త్రీ పొయ్యికడ నిలుచుట యలవాటు. కీళ్లవాపుతోనే యామె పిండి రుబ్బును, బిందె మోయును, గుడ్డలు పిండును. దినమంతయు నిట్లు శ్రమించినను "నీకు వ్యాయామము లేదు, అందుచేతనే జబ్బు" అని వినును. మఱియొక యింట గుండెజబ్బు వచ్చిన ముసలితండ్రిని, గడప దాటనీయక, గ్లాసెడు నీళ్లు తానై తెచ్చుకొననీయక, భక్తితోనే మంచమునకు కట్టివేయుదురు. ఒకచోట విశ్రాంతి దొరకవలసినవారికి శ్రమయు, శ్రమ కావలసినవారికి విశ్రాంతియు దక్కుచున్నది. ఇంటిపనియు శ్రమయే యని లెక్కలో చేర్చి, దానిని ఇంటివారందఱు పంచుకొనునంతవఱకు ఏ వైద్యుడు వ్రాసిన మాత్రయు ఆ యింట సరిగా తూగదు.

నాల్గవమాట. విశ్రాంతి తీసికొను హక్కు ధనముతో ముడిపడియున్నది. మదరాసుపరీక్ష మందు దొరకినచో పేదవాడు తన గుడిసెలోనే కోలుకొనగలడని చూపినది; పేదవానికి విశ్రాంతి యక్కఱలేదని మాత్రము చూపలేదు. వ్యాధికాలమున కూలి పోకుండ కాపాడు ధర్మమును, పట్టణములలో రోగులును వృద్ధులును నిర్భయముగా నడువదగిన బాటలును లేనిచో వైద్యుని హితవులు గాలిలో కలియును.

చదువరులారా! మన యింట మంచమునందున్నవారిని చూచినప్పుడు "లెమ్ము" అనుటకును "పడుకొనుము" అనుటకును ముందు ఒక్క ప్రశ్న అడుగుదము: "నిన్న చేసినదానికి నేడు నీకెట్లున్నది?" ఈ ప్రశ్నకు ఖర్చు లేదు. దానికి వచ్చు నుత్తరమును నమ్ముటయే కష్టము. నిన్నూరేండ్ల వైద్యచరిత్రలో కీర్తిగన్నవారు పెక్కురు ఆ కష్టమునకోర్వలేకపోయిరి. మనము కుటుంబములలోనైన దానిని అభ్యసింపగలిగినచో, రోగికి సగము బరువు మనము మోసినవార మగుదుము.